పిల్లలకు ముందుగా షేర్ మార్కెట్ చరిత్ర నేర్పుదాం

నిరుడు రమజాన్ మాసంలో ఒక రాత్రి తరావీహ్ నమాజు ముగించుకొని ఇంటికి చేరేసరికి, మా వీధి చివర నివసించే ఒక దర్జీ సోదరుడు తన కుమారుణ్ణి వెంటబెట్టుకొని మా అరుగు మీద కూర్చొని ఉన్నాడు. కుర్రవాడు డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాడు. అక్క పెళ్ళి కోసం కుటుంబం కూడబెట్టిన సొమ్ములో రెండు లక్షల అరవై వేల రూపాయలు మూడు నెలల్లో అతని ఫోనులోనే హరించుకుపోయాయి. తండ్రి కోపంగా లేడు. అలసిపోయి ఉన్నాడు. "భాయీసాబ్, మీరు ముప్పై ఏళ్ళు ప్రభుత్వ ఆఫీసులో లెక్కలు చూసినవారు. ఆ డబ్బు ఎక్కడికి పోయిందో వీడి చేత చెప్పించండి" అన్నాడు.

కుర్రవాడు మెల్లగా నోరు విప్పాడు. "చాచా, నేను జూదం ఆడలేదు. షేర్ల వ్యాపారం చేశాను."

"సరే బేటా, ఇప్పుడు నీ పేరున ఏయే కంపెనీల షేర్లు ఉన్నాయి?" అని అడిగాను.

అతడు తల వంచుకున్నాడు. ఆ మూడు నెలల్లో అతడు ఒక్క కంపెనీలో ఒక్క షేరైనా కొనలేదు. అతడు కొన్నవన్నీ ఆప్షన్లు. సూచీ ఫలానా రోజుకు ఫలానా అంకె దాటుతుందా, దాటదా అన్న అంచనా మీద సొమ్ము పెట్టడమే అతడు చేసిన పని. గడువు ముగిసేనాటికి అంచనా తప్పితే పెట్టిన సొమ్ము మొత్తం పోతుంది. చేతిలో కాగితం ముక్క కూడా మిగలదు. షేరుకూ దీనికీ గల భేదాన్ని ఆ పిల్లవాడికి ఎవ్వరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. అతడు పుట్టినప్పటి నుండి నా కళ్ళ ముందే పెరిగాడు గదా!

ఇది ఒక్క ఇంటి కథ కాదు. మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబరులో ఒక అధ్యయనాన్ని వెలువరించింది. 2021-22 నుండి 2023-24 వరకు మూడు ఆర్థిక సంవత్సరాలలో షేర్ల ఫ్యూచర్స్, ఆప్షన్స్ లావాదేవీలు జరిపిన కోటి మందికి పైగా వ్యక్తులలో 93 శాతం మంది నష్టపోయారు. సగటున ఒక్కొక్కరి నష్టం, ఖర్చులతో కలిపి, సుమారు 2 లక్షల రూపాయలు. వ్యక్తులందరి నికర నష్టం కలిపి 1.8 లక్షల కోట్ల రూపాయలకు మించింది. ఇటువంటి లావాదేవీలు చేసేవారిలో 30 ఏళ్ళ లోపు వారి వాటా ఒక్క సంవత్సరంలోనే 31 శాతం నుండి 43 శాతానికి పెరిగింది. మరి లాభం ఎవరికి దక్కింది? సొంత పెట్టుబడితో వ్యాపారం చేసే పెద్ద సంస్థలకూ, విదేశీ మదుపు సంస్థలకూ దక్కింది. వారి లాభాలలో అత్యధిక భాగం కంప్యూటర్లు వాటంతట అవే జరిపిన లావాదేవీల ద్వారా వచ్చిందే. దర్జీ కొడుకు ఫోను ఒక పక్క, ఆ యంత్రాలు మరొక పక్క. ఇదీ పోటీ!

పెద్దలమైన మనం ఈ విషయంలో చేసినది ఏమిటి? కొందరు "షేర్ మార్కెట్ హరామ్" అని ఒక్క మాటతో తలుపు మూసివేశారు. మరికొందరు ఏమీ మాట్లాడకుండా ఊరుకున్నారు. మనం చెప్పని పాఠాన్ని టెలిగ్రామ్ గ్రూపులవారూ, యూట్యూబ్ గురువులూ తమకు లాభించే పద్ధతిలో చెబుతున్నారు. అందుచేత నా విన్నపం ఇది: మన పిల్లలకు షేర్ మార్కెట్ గురించి తప్పక నేర్పాలి. అయితే ఎలా కొనాలో, ఎలా అమ్మాలో నేర్పకముందే దాని చరిత్ర నేర్పాలి. చరిత్ర తెలిసినవాడు అడుగవలసిన ప్రశ్నలు అడుగుతాడు.

ఆ చరిత్ర మనకు దూరమైనదేమీ కాదు. మా బందరులో వలందపాలెం అని ఒక పేట ఉన్నది. ఒలందా వారు, అనగా డచ్చివారు, ఉన్న చోటు గనుక దానికి ఆ పేరు వచ్చింది. వారి సమాధులు నేటికీ బందరు కోటలో ఉన్నాయి. 1602లో డచ్ ఈస్టిండియా కంపెనీ జనం వద్ద నుండి సుమారు 64 లక్షల గిల్డర్ల మూలధనాన్ని సమీకరించింది. వర్తకులే కాదు, పనిమనుషులు కూడా తమ కొద్దిపాటి సొమ్ము అందులో పెట్టారు. పెట్టిన సొమ్మును కంపెనీ తిరిగి ఇవ్వలేదు గనుక, అవసరమైనవారు తమ వాటాను మరొకరికి అమ్ముకోసాగారు. ప్రపంచంలో షేర్ మార్కెట్ అన్నది ఆ విధంగా రూపుదిద్దుకొన్నది. ఆ కంపెనీయే 1606లో గోల్కొండ సుల్తాను ముహమ్మద్ కులీ కుతుబ్ షా అనుమతితో మచిలీపట్నంలో వర్తక స్థావరం స్థిరపరచుకొన్నది. మన తీరంలో నేసిన బట్టలను ఓడల మీద తూర్పు దీవులకు చేర్చి, అక్కడ వాటికి బదులుగా లవంగాలు, జాజికాయ కొనేవారు. అంటే ఆ తొలి షేర్ల లాభంలో మన నేతగాళ్ళ, అద్దకంవారి చెమట కూడా కలిసి ఉన్నది.

పిల్లలను ఆ సమాధుల వద్దకు తీసుకువెళ్ళి నేను చెప్పే మొదటి ప్రశ్న ఇక్కడే పుడుతుంది: లాభం ఎక్కడి నుండి వస్తున్నది? జాజికాయ వ్యాపారాన్ని పూర్తిగా తన గుప్పిట పెట్టుకోవడానికి అదే కంపెనీ 1621లో బందా దీవులను జయించింది. అక్కడి జనంలో అత్యధికులు హతులయ్యారు, లేదా దీవులు విడిచి చెల్లాచెదురయ్యారు. ఆమ్‌స్టర్‌డామ్‌లో డివిడెండు అందుకొన్న పనిమనిషికి ఈ సంగతి తెలిసి ఉండకపోవచ్చు. కాని డివిడెండు వచ్చింది అక్కడి నుండే. నేటికీ అంతే. ఒక కంపెనీ ఏమి తయారు చేస్తున్నది, ఎవరి చేత చేయిస్తున్నది, ఎవరికి అమ్ముతున్నది అని విచారించకుండా దానిలో భాగస్వామి కావడం తగదు. జవాబు దొరకని లాభాన్ని ముట్టుకోకపోవడమే మేలు.

రెండవ ప్రశ్న: పెట్టిన సొమ్ము ఎవరిది? దీనికి జవాబు బొంబాయి చరిత్రలో ఉన్నది. 1850లలో టౌన్‌హాలు ఎదుట చెట్ల నీడన నిలబడి దళారులు షేర్ల బేరాలు సాగించేవారు. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై అక్కడి పత్తి ఇంగ్లండుకు రావడం ఆగిపోయింది. మన దేశపు పత్తికి ధర పెరిగి, బొంబాయిలోకి డబ్బు వరదలా వచ్చిపడింది. కొత్త బ్యాంకులు, కొత్త కంపెనీలు పుట్టగొడుగుల్లా లేచాయి. సముద్రాన్ని పూడ్చి భూమి చేస్తామన్న బ్యాక్‌బే కంపెనీ షేరు ముఖ విలువకు ఎన్నో రెట్లు పలికింది. జనం అప్పులు చేసి మరీ కొన్నారు. ఆ షేర్ల పూచీ మీదనే బ్యాంకులు మళ్ళీ అప్పులిచ్చాయి. 1865లో యుద్ధం ముగిసింది, పత్తి ధర పడిపోయింది. జులై 1న గడువు బేరాలు తీర్చవలసి వచ్చేసరికి తీర్చగలవారు లేకపోయారు. నాటి మార్కెట్టుకు మకుటంలేని మహారాజు వంటి ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ కూడా దివాలా తీశాడు. బొంబాయి బ్యాంకు చివరకు మూతపడింది. అంతకు పూర్వం ఆయన బొంబాయి విశ్వవిద్యాలయానికి ఇచ్చిన విరాళంతో, ఆయన తల్లి పేరున వెలసిన రాజాబాయి గోపురం మాత్రం ఇప్పటికీ నిలిచి ఉన్నది. మిగిలిన దళారులు బుద్ధి తెచ్చుకొని 1875లో ఒక సంఘంగా ఏర్పడ్డారు. అదే నేటి బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజి. మన కుర్రవాడు అక్క పెళ్ళి డబ్బు పెట్టాడు. 1865లో బొంబాయివారు పెట్టినదీ తమది కాని సొమ్మే.

మూడవ ప్రశ్న: చెబుతున్నవాడికి దీనివల్ల దక్కేది ఏమిటి? 1992లో హర్షద్ మెహతాను పత్రికలు, మదుపరులు ఆకాశానికి ఎత్తారు. ఆయన కొన్నాడు గనుక తామూ కొన్నారు. బ్యాంకుల సొమ్మును దొడ్డిదారిన మళ్ళించి షేర్ల ధరలు పెంచాడని ఆ ఏప్రిల్‌లో బయటపడింది. చివరకు వెనుక వచ్చినవాడు మునిగాడు. ఆ కుంభకోణం జరిగిన సంవత్సరంలోనే సెబీకి చట్టబద్ధమైన అధికారాలు లభించాయి. మన హైదరాబాదు మాట తీసుకోండి. ఉత్తమ నిర్వహణకు బహుమతి పొందిన సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు, 2009 జనవరి 7న, పుస్తకాల్లో చూపిన వేల కోట్ల నగదు అసలు లేనేలేదని స్వయంగా లేఖ రాశాడు. ఆ ఒక్కరోజులోనే షేరు విలువ నాలుగింట మూడు వంతులకు పైగా పోయింది. పెద్ద పేరు, బహుమతి, ఆడిటరు సంతకం అన్నీ ఉన్నాయి. లేనిది డబ్బే!

ఇతరుల కథలు మాత్రమే చెప్పి తప్పించుకోవడం న్యాయం కాదు గనుక నా కథా చెబుతాను. 1995లో కొత్త కంపెనీల షేర్ల దరఖాస్తులు మా ఆఫీసులో టీ కొట్టు దాకా వచ్చేవి. తోటి గుమాస్తా చెప్పాడని నేనూ ఒక కంపెనీ షేర్లు నూరు, పది రూపాయల చొప్పున, కొన్నాను. ఆ కంపెనీ ఏమి చేస్తుందో అడగలేదు. రెండేళ్ళ తర్వాత నేను రాసిన ఉత్తరం చిరునామాదారు లేరని తిరిగివచ్చింది. ఆ దశాబ్దంలో అటువంటి మాయమైన కంపెనీలు దేశంలో ఎన్నో. ఆ షేరు పత్రం నా ఇనుపపెట్టెలో ఇప్పటికీ భద్రంగా ఉన్నది. అచ్చు, ముద్ర, సంతకాలు అన్నీ ముచ్చటగా ఉంటాయి. పిల్లల చేతికి ఇచ్చి, "దీని వెల వెయ్యి రూపాయలు, దీని విలువ సున్న" అని చెబుతాను. ఏ పుస్తకమూ అంత త్వరగా బోధపరచదు.

ఇక ధర్మసందేహం. నేను ముఫ్తీని కాను, తీర్పు చెప్పే అర్హత నాకు లేదు. అయినా ప్రశ్నను సరిగా వేయడం నేర్పవచ్చు గదా! వాటాదారుగా లాభనష్టాలు రెండింటిలో పాలు పంచుకోవడం మన వర్తక సంప్రదాయానికి కొత్త కాదు. ఒకరు పెట్టుబడి, మరొకరు శ్రమ పెట్టే ముదారబా, అందరూ పెట్టుబడి పెట్టే ముషారకా మన ఫిఖ్‌లో పాత మాటలే. కంపెనీ చేసే పని ధర్మబద్ధమై, వడ్డీ అప్పుల భారం పరిమితికి లోబడి ఉంటే వాటా కొనవచ్చునని నేటి పండితులలో పలువురి అభిప్రాయం. ఈ నియమాల ప్రకారం ఏరిన కంపెనీలతో మన దేశంలోనే షరియా సూచీలు కూడా ఉన్నాయి. అందరూ ఏకీభవించరు. కాని వాటాకూ పందేనికీ తేడా తెలిసిన పిల్లవాడే ఆలిమ్ వద్దకు వెళ్ళి సరైన ప్రశ్న అడగగలడు.

"రెక్కాడితే గాని డొక్కాడని మనవాళ్ళకు షేర్ల చరిత్ర ఎందుకండీ?" అని ఒక మిత్రుడు అడిగాడు. మోసగాళ్ళు మనల్ని వదిలిపెట్టడం లేదు గనుక అని నా జవాబు. మన ప్రాంతాలకు బ్యాంకు రుణాలు అరకొరగానే అందుతున్నాయని 2006లోనే సచార్ కమిటీ చెప్పింది. ఆ ఖాళీలోకి "వడ్డీ కాదు, హలాల్ లాభం" అంటూ నెలనెలా పెద్ద మొత్తాలు ఆశచూపేవారు వచ్చారు. 2019 జూన్‌లో బెంగళూరులో ఐ మానెటరీ అడ్వైజరీ మూతపడినప్పుడు వేలాది కుటుంబాలు ఫిర్యాదులు చేతబట్టుకొని బారులు తీరాయి. వారిలో నగలు అమ్మి పెట్టినవారున్నారు, పింఛను డబ్బు పెట్టినవారున్నారు. పై మూడు ప్రశ్నలు వేసి ఉంటే వారిలో కొందరైనా ఆగి ఉండేవారు. మనకు హక్కుగా రావలసిన రుణాలను ప్రభుత్వాన్ని అడుగుదాం. చేతిలో ఉన్న సొమ్మును కాపాడుకొనే జ్ఞానం మాత్రం మన పిల్లలకు మనమే ఇవ్వాలి.

ఇందుకు పెద్ద ఖర్చేమీ లేదు. మా మస్జిద్ పక్క గదిలో ఆరు ఆదివారాలు చాలాయి. మొదటి వారం వలందపాలెం, బందరు కోట. రెండవ వారం బొంబాయి, 1865. మూడవ వారం 1992, 2009. నాలుగవ వారం ఒక కంపెనీ వార్షిక నివేదికను ముందేసుకొని, ఆదాయం, అప్పు, లాభం ఎక్కడ రాస్తారో వేలు పెట్టి చూపించాం. అయిదవ వారం ఆప్షన్లు, అప్పు ఇచ్చే యాప్‌లు, సెబీలో నమోదైనవారెవరో చూసుకొనే పద్ధతి. ఆరవ వారం ఒక ఆలిమ్ సాహెబు వచ్చి పిల్లల ప్రశ్నలకు జవాబిచ్చారు. ఆడపిల్లలను తప్పక పిలవండి. మా తరగతిలో అందరికంటే గట్టి ప్రశ్నలు వేసినది వారే. ప్రతి జమాఅత్ కమిటీ, ప్రతి మైనారిటీ విద్యాసంస్థ సంవత్సరానికి ఒకసారి ఈ ఆరు వారాలు కేటాయించలేదా? రిటైరైన గుమాస్తాలు, బ్యాంకు ఉద్యోగులు, వాణిజ్యశాస్త్ర అధ్యాపకులు ప్రతి ఊరిలోనూ ఉన్నారు. పిలిస్తే వస్తారు.

ఆ దర్జీ సోదరుని కుమారుడు ఇప్పుడు ఒక మొబైల్ దుకాణంలో పనిచేస్తూ, నెలకు ఆరు వేల చొప్పున తల్లి చేతికి తిరిగి ఇస్తున్నాడు. అక్క పెళ్ళి ఏడాది వాయిదా పడింది. అయిదవ ఆదివారం ఆప్షన్ల పాఠం చెప్పినవాడు అతడే. ఏమీ దాచకుండా, తన ఫోనులోని లెక్కలన్నీ తీసి చూపించాడు. పాఠం అయ్యాక ఒక చిన్నవాడు లేచి, "భయ్యా, మీకు ముందే ఎవరూ చెప్పలేదా?" అని అడిగాడు. అతడు నా వంక చూశాడు గాని ఏమీ అనలేదు. ఆ చూపుకు నా వద్ద జవాబు లేదు. మీ ఊరి పిల్లలు అడిగేనాటికి మీ వద్దనైనా ఉండాలని ఈ నాలుగు మాటలు రాశాను.