పేరులేని కుర్చీ

కంప్యూటరు తెరమీది కల్పిత లోకములు నేటి విద్యార్థులకు క్రొత్త కావు. వానిలో ఇండ్లు కట్టుదురు, సంతలు పెట్టుదురు, పాఠములు సయితము చెప్పుదురు. నడువలేని బాలుడు రాజుపాలెములోని తన యింట కూర్చుండియే అచ్చట మిత్రులతో తిరుగవచ్చును. ఇది మేలైన సంగతియే. అయితే ఆ లోకములకును గడపలున్నవి. అవి కట్టినవారి యజాగ్రత్తవలన నేర్పడినవని మా యభిప్రాయము.

2003లో ప్రారంభమైన సెకండ్ లైఫ్ అను లోకమును చూడుడు. అందలి వస్తువులను చేయువారు వాడుకరులే. కుర్చీ చేసినవాడు దానికి పేరు పెట్టనిచో యంత్రము ‘ఆబ్జెక్టు’ అని తగిలించి యూరకుండును. చూపున్నవానికి చిక్కు లేదు, కుర్చీ కనబడుచునే యున్నది. అంధులకొఱకు ఆ లోకమును మాటలలో వినిపించు సాధనములను కొందఱు చేసిరి గాని, పేరులేని చోట అవి యేమి చెప్పగలవు? కుర్చీయు ఆబ్జెక్టే, చెట్టును ఆబ్జెక్టే, వాకిలియు ఆబ్జెక్టే. ఆదాము జీవులన్నిటికి పేళ్లు పెట్టెనని మన పిల్లలెఱుగుదురు. ఈ లోకములలో చాలమంది ఆ పనియే మఱచిరి.

2007లో అచ్చట నోటితో మాటలాడు సౌకర్యము వచ్చెను. అంతవఱకు అందఱును వ్రాసికొనుచుండగా సమానులుగా నుండిన బధిరులు సభలలో వెనుకబడిరి. వారి చెవులకు క్రొత్త లోపమేమియు రాలేదు.

బొమ్మను సాకుగా జూపి యంధుని వెలుపల నుంచుట మన దేశమునను జరిగినదే. మచిలీపట్టణము దగ్గఱ సీతారామపురమున బుట్టిన శ్రీ బొల్లా శ్రీకాంత్, పటములు చూడలేడను కారణమున, పదవ తరగతి పిమ్మట సైన్సు చదువుటకై న్యాయస్థానమున కెక్కవలసి వచ్చెను. చదివి, నూటికి 98 మార్కులు దెచ్చుకొనెను. ఇంటర్నెట్టు సేవలు వికలాంగులకు నందుట జీవించు హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది.

తీర్పుల మాట యటుండ, మా సంగతి చెప్పవలెను. పరీక్షల పట్టికను చేతితో వ్రాసి, ఫోటో దీసి, వాట్సాపులో తల్లిదండ్రులకు పంపుచుంటిమి. ఒక పిల్లవాడు మొదటి పరీక్షకు రాలేదు. మఱునాడు వచ్చిన తండ్రిని మేము గట్టిగనే మందలించితిమి. ఆయనకు చూపు లేదు. ఏమియు ననక, తన ఫోనులో మా పట్టికమీద వ్రేలుంచి, మమ్ము వినుడనెను.

“ఫోటో” అని ఫోను పలికెను. అంతే.

ఇప్పుడు పట్టికలను టైపు చేసి పంపుచున్నాము. అయిదు నిమిషముల పని.