మూడవ పేరా, మన పొరుగువారు

మన చిత్తూరు సీమలో ఏ ఇంట పెద్ద జబ్బు వచ్చినా ముందుగా వినిపించే మాట "రాయవేలూరు తీసుకుపోదాం" అన్నదే. చిత్తూరు, పలమనేరు, పుంగనూరు ముస్లిం కుటుంబాలలో ఆ ఆసుపత్రి మెట్లు ఎక్కనివారు అరుదు. 1900లో ఐడా స్కడర్ ఒకే ఒక మంచంతో ప్రారంభించిన చికిత్సాలయం అది. తిండివనంలో ఒకే రాత్రి ముగ్గురు స్త్రీలు ప్రసవవేదనతో మరణించారు. పురుష వైద్యుణ్ణి లోపలికి రానివ్వడానికి ఆ ఇళ్ళవారు సమ్మతించలేదు. ఆ సంఘటనే ఆమెను వైద్యవిద్య వైపు నడిపించిందని ఆమె జీవితచరిత్రలు చెబుతాయి. ఆ ముగ్గురిలో ఒకరు ముస్లిం యువతి.

మదనపల్లె చెంతనున్న ఆరోగ్యవరం సంగతీ ఇటువంటిదే. వివిధ క్రైస్తవ మిషన్లు చేతులు కలిపి 1915లో తెరిచిన ఆ క్షయ చికిత్సాలయానికి డెన్మార్కు వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమొట్ మోలర్ సారథ్యం వహించారు. 1948లో మన దేశంలో బీసీజీ టీకాలు తొలిసారిగా వేసిన చోట్లలో మదనపల్లె ఒకటి. క్షయ అంటే చావే అనుకున్న రోజులలో అక్కడి మంచాల మీద పడుకున్నవారిలో అన్ని మతాలవారూ ఉన్నారు.

ఈ ఆసుపత్రులు మతమార్పిడికి వేసిన ఎర అన్న మాట మన సభలలో కూడా అప్పుడప్పుడు వినిపిస్తుంది. మిషనరీలు తమ ఉద్దేశాన్ని ఎన్నడూ దాచుకోలేదు, ప్రచారం వారి పనిలో భాగమే. అయితే అక్కడికి వెళ్ళి నయమై వచ్చిన మన పెద్దలు ఐదు పూటలా నమాజు చేస్తూనే కన్నుమూశారు. అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

నేటి నా ప్రస్తావన ఆసుపత్రుల గురించి మాత్రమే అయితే కృతజ్ఞతలు చెప్పి ముగించవచ్చు. ఆ విశ్వాసాన్ని మన పల్లెలలో స్వీకరించినవారు ఎవరు, వారి మనుమలు ఈనాడు ఎట్లా బ్రతుకుతున్నారు అన్నది అసలు విషయం. అమెరికన్ ఆర్కాటు మిషన్ 1853లో ఏర్పడినప్పుడు దాని తొలి కేంద్రాలలో చిత్తూరు ఒకటి. తిరుపతి వైపు లూథరన్లు పనిచేశారు, దక్షిణాంధ్ర లూథరన్ సంఘానికి నేటికీ తిరుపతే కేంద్రం. ఈ సంఘాలలో చేరినవారిలో అధికులు ఊరి వెలుపల నివసించిన మాలలు, మాదిగలు. బిడ్డకు అక్షరం, పదిమందితో సమానంగా కూర్చునే చాప, మర్యాదగా పిలిచే ఒక గొంతు వారికి అక్కడ దొరికాయి. అటువంటివాటి కోసం మనిషి దేవుణ్ణి వెతుక్కోవడంలో తప్పు పట్టవలసినది ఏమీ లేదు.

రెవెన్యూ శాఖలో గుమాస్తాగా పనిచేసిన నాకు వారి మనుమల బ్రతుకు ఫైళ్ళలో తెలుసు. ఫలానా మండలం అని చెప్పను. కులధ్రువీకరణ పత్రం కోసం ఒక యువకుడు దరఖాస్తు పెడతాడు. నాలుగు రోజులకు ఒక ఆకాశరామన్న ఉత్తరం వస్తుంది: వీరు చర్చికి పోతారు, విచారించవలెను. ఇక విచారణ మొదలు. ఇంటి గోడ మీద ఏ పటం ఉంది? అక్క పెళ్ళి ఎక్కడ జరిగింది? తాత సమాధి మీద శిలువ ఉందా? ఇంట్లో దేవదానం అని పిలుచుకునే బిడ్డను బడిలో సుబ్రహ్మణ్యం అని వ్రాయించిన తండ్రి తాసీల్దారు ఎదుట తలవంచుకుని నిలబడతాడు. అబద్ధమాడితే దేవునికి దూరం, నిజం చెబితే కొడుకు ఉద్యోగానికి దూరం.

ఈ చిక్కుకు మూలం 1950 ఆగస్టు 10న రాష్ట్రపతి జారీ చేసిన షెడ్యూల్డు కులాల ఉత్తర్వులోని మూడవ పేరా. హిందూ మతం కాక వేరొక మతం అవలంబించేవారిని షెడ్యూల్డు కులస్థులుగా పరిగణించరాదని అది శాసించింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ తలుపు తెరిచారు. క్రైస్తవులకు, ముస్లింలకు మాత్రం నేటికీ మూసే ఉంది.

దాని ఫలితాన్ని మన ప్రాంతపు లెక్కల్లోనే చూడవచ్చు. తన విశ్వాసాన్ని బహిరంగంగా ఒప్పుకున్న దళిత క్రైస్తవుడు మన రాష్ట్రంలో 15 శాతం ఎస్సీ కోటా నుండి 1 శాతం బీసీ–సి కోటాలోకి జారిపోతాడు. తిరుపతి, చిత్తూరు లోక్‌సభ స్థానాలు రెండూ ఎస్సీలకు రిజర్వు అయినవే. సత్యవేడు, గంగాధర నెల్లూరు, పూతలపట్టు శాసనసభ స్థానాలూ అంతే. అక్కడ అతడు ఓటు వేయగలడు గాని అభ్యర్థిగా నిలబడలేడు. 1977 నాటి 341వ నంబరు జీవో కొన్ని ఆర్థిక రాయితీలను అతనికి మిగిల్చింది, అంతవరకే. కులం పేరుతో దూషించి కొట్టినప్పుడైనా చట్టం కాపాడుతుందా అంటే, క్రైస్తవంలోకి మారినవారికి అట్రాసిటీ చట్టం వర్తించదని 2025లో మన హైకోర్టు తీర్పు చెప్పింది. ఆ కేసులో ఫిర్యాదుదారు ఒక పాస్టరు. కొట్టేవాడు ముందుగా బాప్తిస్మ పత్రం అడిగి కొడతాడా?

తిరుమల విషయాన్ని దీనితో కలపరాదు. అన్యమతస్థులైన సిబ్బందిని వేరే శాఖలకు పంపాలని, లేదా స్వచ్ఛంద పదవీ విరమణ ఇవ్వాలని దేవస్థానం పాలకమండలి 2024 నవంబరులో తీర్మానించింది. తరువాత ఫిబ్రవరిలో 18 మందిపై చర్య తీసుకున్నారు. వారి కుటుంబాల బాధ నాకు అర్థమవుతుంది. అయినా తన కొలువులో తన భక్తులే ఉండాలని ఒక ఆలయం కోరుకోవడానికి రాజ్యాంగం 16వ అధికరణంలోనే చోటుంది. మన మసీదు కమిటీలకూ అదే న్యాయం. ప్రభుత్వ కచేరీ ఆలయం కాదు. అక్కడ పౌరుని నొసటి బొట్టునూ మెడలోని శిలువనూ చూసి అంటరానితనాన్ని కొలవడం వేరు సంగతి.

మూడవ పేరా మన మెడకూ ఉన్న ఉరే. పాకీపని చేసిన మెహతర్ ముస్లింలు మన రాష్ట్రంలో బీసీ–ఏ జాబితాలో ఉన్నారు. అదే పని చేసిన హిందువు ఎస్సీ. 2007 నాటి బీసీ–ఇ 4 శాతం 2010 నుండి సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు మీద ఆధారపడి నడుస్తోంది. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే మూడవ పేరాను పూర్తిగా తొలగించమన్నది. 2023 మార్చిలో మన శాసనసభ దళిత క్రైస్తవుల కొరకు తీర్మానం చేసింది. జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌ను 2022 అక్టోబరులో రెండేళ్ళ గడువుతో నియమించారు, ఆ తరువాత గడువు పొడిగించారు. ఇన్ని కాగితాలు కదిలినా పేరా కదలలేదు.

ఎందుకు కదలలేదో చెప్పుకోవడానికి మనవారికి కొంత మొహమాటం ఉంది. 1985లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన ఒక కేసు సూసై అనే చెప్పులు కుట్టే క్రైస్తవునిది. మద్రాసులో రోడ్డు పక్కన పనిచేసుకునే హిందూ చర్మకారులకు ప్రభుత్వం ఉచితంగా బంకులు ఇచ్చింది, అదే పని చేసే అతనికి ఇవ్వలేదు. మతం మారిన తరువాత కూడా వెనుకటి తీవ్రతతోనే కులబాధ కొనసాగుతున్నదని నిరూపించాలని కోర్టు అడిగింది, ఆధారాలు చాలవని అతని వినతిని తోసిపుచ్చింది. క్రైస్తవ, ఇస్లాం సమాజాలలో అటువంటి అణచివేత లేదనే వాదననే 2022లో కేంద్రం సుప్రీంకోర్టులో మళ్ళీ వినిపించింది. "మా మతంలో కులం లేదు" అని మనం వేదికల మీద గర్వంగా చెప్పే మాటే మన పేదవాని దరఖాస్తును తిరస్కరించడానికి పనికివస్తున్నది.

ధర్మంలో కులం లేదు, నిజమే. నమాజు వరుసలో ఎవరి పక్కన ఎవరైనా నిలుస్తారు. నిఖా మాట వచ్చినప్పుడు దూదేకులవారి సంబంధం అంటే పెదవి విరిచే ఇళ్ళు మన మధ్య లేవా? చర్చిలోనూ అంతే. రెడ్డి క్రైస్తవుడు మాల క్రైస్తవునితో, మాల క్రైస్తవుడు మాదిగ క్రైస్తవునితో వియ్యమందడం ఎంత అరుదో ఏ పాస్టరును ఏకాంతంలో అడిగినా చెబుతాడు. బయట ఒప్పుకుంటే మతానికి మచ్చ అని ఇరువైపులా దాచుకుంటున్నారు. దాచినకొద్దీ కోర్టు అడిగిన ఆధారం దొరకకుండా పోతుంది, నష్టపోయేది పాకీవాడూ మాదిగవాడూ.

క్రైస్తవులతో కలిసి నడవడం మన ప్రచారకులలో కొందరికి రుచించకపోవచ్చు. యేసు దేవుని కుమారుడా, ప్రవక్తా అన్న చర్చ చర్చిలకూ మసీదులకూ మధ్య పద్నాలుగు శతాబ్దాలుగా ఉన్నదే, మరి కొంతకాలం ఉండనివ్వండి. మక్కాలో హింసకు గురైన తొలి ముస్లింలకు ఆశ్రయమిచ్చినవాడు అబిసీనియా క్రైస్తవ రాజు నజాషీ. ఆయన కొలువులో హజ్రత్ జాఫర్ (రజి) చదివి వినిపించినది మర్యం సూరా. అక్కడ ఎవరూ ఎవరి విశ్వాసాన్నీ తాకట్టు పెట్టమని అడగలేదు.

మన కార్యకర్తలు ఈ నెల మొహల్లాలకు వెళ్ళినప్పుడు కొన్ని ప్రశ్నలు అడిగి వ్రాసుకురావాలి. పాకీపని చేసిన కుటుంబాలు ఎన్ని? వారి పిల్లలు ఏ తరగతిలో చదువు మానారు? వారితో వియ్యమందినవారు ఎవరైనా ఉన్నారా? ఖబరస్తాన్‌లో వారికి వేరే మూల ఉందా? విందులో వారికి ఎక్కడ వడ్డిస్తారు? పేర్లు వద్దు, ఊరు, సంవత్సరం, జరిగిన విషయం చాలు. ఇవే ప్రశ్నలను దళితవాడల చర్చిలలో అడగడానికి చిత్తూరు, తిరుపతి పాస్టర్లను మనమే ముందుగా వెళ్ళి కోరుదాం. రెండు మూటలనూ కలిపి ఒకే విజ్ఞాపనగా, దళిత క్రైస్తవులు, దళిత ముస్లింలు అని రెండు పేర్లూ ఒకే వరుసలో వ్రాసి పంపుదాం. ప్రతిని కలెక్టరు కార్యాలయంలో సోమవారం నాటి అర్జీల కౌంటరులో ఇచ్చి, రసీదు తప్పక తీసుకోవాలి.