ఏ బడి మంచిదో తేల్చుకునే ముందు

ఏటా మే నెల వచ్చేసరికి నాయుడుపేట చుట్టుపక్కల పల్లెల్లో ప్రైవేటు బడుల ఫ్లెక్సీలు వెలుస్తాయి. పదో తరగతి మార్కులు, నవ్వుతున్న పిల్లల ఫొటోలు, కింద ఫోన్ నంబర్లు. ఆదివారం ఆరాధన ముగిశాక మందిరం బయట తల్లిదండ్రులు మాట్లాడుకునేది కూడా అదే: మండల పరిషత్ బడిలో ఉంచాలా, టౌన్‌కు వెళ్లే బస్సు ఎక్కించాలా, గురుకులంలో సీటు దొరుకుతుందా అని. ఈ ప్రశ్న మన సంఘ కుటుంబాలకు చిన్నది కాదు. ఒక్క నిర్ణయం మీద బిడ్డ పదేళ్ల చదువు, ఇంటి అప్పు రెండూ ఆధారపడతాయి. అయితే పోల్చే తీరే మొదటినుంచీ పక్కదారి పడుతోందని మా అభిప్రాయం.

పదో తరగతి ఉత్తీర్ణత శాతం బడి గొప్పతనానికి కొలమానం అనుకుంటాం. 2025 ఫలితాలే చూడండి. రాష్ట్రం మొత్తం మీద 81.14 శాతం ఉత్తీర్ణులయ్యారు. మొదటి స్థానంలో 93.90 శాతంతో పార్వతీపురం మన్యం జిల్లా, చివరి స్థానంలో 47.64 శాతంతో అల్లూరి సీతారామరాజు జిల్లా నిలిచాయి. రెండూ గిరిజనులు ఎక్కువగా ఉన్న కొండ జిల్లాలే. రెండూ 2022లో, మన నాయుడుపేట నెల్లూరు జిల్లా నుండి తిరుపతి జిల్లాలోకి మారిన రోజే ఏర్పడినవి. పేదరికమే ఫలితాన్ని నిర్ణయిస్తే ఈ తేడా రాకూడదు. కాబట్టి "మన పిల్లలు ఇంతే" అనే మాటను సంఘాల్లో ఎవరు అన్నా మేము ఒప్పుకోము.

అదే సమయంలో శాతాలను గుడ్డిగా నమ్మడమూ సరికాదు. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల తలుపు తట్టిన ప్రతి బిడ్డనూ చేర్చుకోవాలి. ఇటుక బట్టీలకు వలస వెళ్లి మధ్యలో తిరిగొచ్చిన యానాది పిల్లవాడినీ చేర్చుకోవాలి. గురుకులానికి సీట్లు పరిమితం, పిల్లలు అక్కడే ఉండి రాత్రి కూడా చదువుకుంటారు. ఫీజు కట్టే బడికి ఫీజు కట్టగలిగిన ఇంటి పిల్లలే వస్తారు. ఈ మూడింటినీ ఒకే తక్కెడలో వేసి, ఎక్కువ శాతం వచ్చినదే మంచి బడి అంటే, బలహీనుడైన బిడ్డను చేర్చుకున్నందుకు సర్కారు బడికి శిక్ష వేసినట్టే.

అసలు తేడా పదో తరగతిలో పుట్టదు, మూడో తరగతిలో పుడుతుంది. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక బడిలో అరవై మంది వరకు పిల్లలుంటే ఇద్దరు ఉపాధ్యాయులుండాలి. ఇద్దరున్నా తరగతులు అయిదు. ఒక్కరే ఉన్న చోట ఆ టీచరమ్మ సెలవు పెడితే బడికే సెలవు. ఆమె మీటింగుకు వెళ్లినా, యాప్‌లో వివరాలు ఎక్కిస్తూ కూర్చున్నా అయిదు తరగతులు ఆగిపోతాయి. నాడు-నేడు కింద 2019 నుండి చాలా బడులకు మరుగుదొడ్లు, రంగులు, బల్లలు వచ్చాయి. అది మంచి పనే. కానీ గోడకు వేసిన రంగు చదువు చెప్పదు.

ఈ చిక్కును విప్పడానికే 2022లో 117వ జీవో తెచ్చి, మూడు, నాలుగు, అయిదు తరగతులను కిలోమీటరు లోపు ఉన్న హైస్కూళ్లలో కలిపారు. ప్రభుత్వం మారాక 2025లో దాన్ని పక్కనపెట్టి, తరగతికొక టీచరు ఉండే ఆదర్శ ప్రాథమిక పాఠశాలల పద్ధతి తెచ్చారు. రెంటి వెనుకా ఉన్న లెక్క ఒకటే: పిల్లలను ఒకచోట చేరిస్తే టీచర్లు సరిపోతారు. లెక్కగా అది నిజమే. కాగితం మీద కిలోమీటరు చిన్నదే, కానీ పదహారో నంబరు జాతీయ రహదారిని దాటవలసిన ఎనిమిదేళ్ల పిల్లకు అది చిన్నది కాదు. పనికి పొద్దున్నే వెళ్లే తల్లి ఆమెను ఎవరితో పంపాలి?

ఇంకొకటి బయటికి చెప్పుకోరు. మన సంఘాల్లో ఎన్నో కాలనీల్లో ఉన్నాయి. కాలనీ బడి మూతపడి పిల్లలు పెద్ద ఊళ్లోని బడికి వెళ్లవలసి వచ్చినప్పుడు, దూరం కొలిచే టేపుకు అందని దూరం ఒకటి ఉంటుంది. హెర్మన్స్‌బర్గ్ మిషన్ వారు 19వ శతాబ్దంలో సూళ్లూరుపేట, నాయుడుపేట వైపు వచ్చిన రోజుల్లో పలకా బలపం దగ్గరికి రానివ్వని పిల్లలు ఎవరో మన తాతలకు తెలుసు. అలాగని పన్నెండు మంది పిల్లలతో, ఒక్క టీచరుతో కాలనీ బడి అలాగే నడవాలని మేము అనడం లేదు. కలిపితే మంచి జరిగే చోట కలపాలి, కానీ ఆటో గానీ ఆయా గానీ ముందు ఏర్పాటు చేసి కలపాలి. ఇప్పుడు జరుగుతున్నది తలకిందులు.

డబ్బు సంగతి కూడా చూడాలి. 2020లో మొదలైన అమ్మ ఒడి ప్రైవేటు బడి పిల్లల తల్లులకూ వర్తించేది, 2025లో మొదలైన తల్లికి వందనం కూడా వారికి వర్తిస్తుంది. 15,000 రూపాయల్లో బడి నిర్వహణకు 2,000 పోగా చేతికి వచ్చే 13,000 చాలా ఇళ్లలో నేరుగా ఫీజుకు వెళ్తోంది. బస్సు, పుస్తకాలు, యూనిఫాం ఖర్చు ఆ పైన. ఆ బడిలోనైనా టీచరు ఎంతకాలం ఉంటున్నాడో, ఏం చదివి వచ్చాడో అడిగినవారు తక్కువ. బస్సు రంగునూ టై కట్టిన యూనిఫాంనూ చూసి చేర్పించేవారే ఎక్కువ.

ప్రథమ్ సంస్థ 2005 నుండి చేస్తున్న అసర్ సర్వేలో ఒక సులభమైన పరీక్ష ఉంది. పల్లెల్లో ఇళ్లకు వెళ్లి పిల్లల చేత రెండో తరగతి స్థాయి చిన్న పేరా చదివిస్తారు, తీసివేత, భాగహారం చేయిస్తారు. అయిదో తరగతి బిడ్డ ఆ పేరాను తడబడకుండా చదవగలదా? ఇంట్లో అయిదు నిమిషాల పని. రెండు బడుల పిల్లలను ఇలా చదివించి చూస్తే ఫ్లెక్సీ చెప్పని సంగతి తెలుస్తుంది. ఆదివారపు బడి ఉపాధ్యాయులు వాక్యం చదివించేటప్పుడు ఏ బిడ్డ ఎక్కడ ఆగిపోతోందో వారికి ముందే తెలిసి ఉంటుంది. ఆ సంగతి తల్లిదండ్రులకు చెప్పడానికి మొహమాటపడకూడదు.

చట్టం మన చేతికి ఒక కుర్చీ కూడా ఇచ్చింది. ప్రభుత్వ బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది స్త్రీలు. చాలా చోట్ల ఆ కమిటీ సంతకాలకే పరిమితమైంది. మన సంఘ స్త్రీలలో ఎంతోమంది పొదుపు సంఘాల లెక్కలు చూసినవారే. వారికి బడి రిజిస్టరు అర్థం కాకపోదు. మూడో తరగతికి ఎవరు చెబుతున్నారు, గత నెలలో ఎన్ని రోజులు చెప్పారు, పేరు రాసి ఉన్నా బడికి రాని పిల్లలు ఎవరు — వచ్చే సమావేశంలో ఈ మూడు ప్రశ్నలు అడిగి, జవాబులను మినిట్స్‌లో రాయించండి.