గనియు, నౌకయు

ఏటేట ఏప్రిలు 5వ తేదిని దేశము జాతీయ నౌకాదినమును జరుపుకొనుచున్నది. టేకుమట్ల రైతునకు ఈ దినముతో నేమి పని యని కొందఱడుగవచ్చును. సముద్ర మచ్చటికి బహుదూరము. చేరువనున్నవి భూపాలపల్లి బొగ్గుగనులు. కాని గనికిని నౌకకును గల సంబంధము నెఱుగనిచో మన దారిద్ర్యచరిత్రము సగమైనను బోధపడదని మా యభిప్రాయము.

1871లో ఇల్లెందు ప్రాంతమున బొగ్గును కనుగొన్నది డాక్టరు కింగను భూగర్భశాస్త్రజ్ఞుడు. దానిని త్రవ్వు హక్కు 1886లో ఇంగ్లండున రిజిష్టరైన హైదరాబాదు దక్కను కంపెనీకి దక్కెను. నేల మనది, చెమట మనది, లాభము పరులది. హైదరాబాదు సంస్థానము ఆ గనుల వాటాలలో అధికభాగమును కొనుటకు 1945 వఱకు కాలము పట్టెను.

సముద్రముపైనను ఇదే కథ. ప్రత్తి మనది, బియ్యము మనది. మోయు నౌక పరులది, బాడుగ నిర్ణయించువారును పరులే. 1906లో చిదంబరం పిళ్ళె తూత్తుకుడిలో స్వదేశీ నౌకాసంఘమును స్థాపించి, 1908లో రాజద్రోహనేరముపై చెఱసాల పాలయ్యెను. సంఘమును నిలువలేదు.

ఆ దారినే మరల నడిచినవాడు వాల్‌చంద్ హీరాచంద్. 1882లో షోలాపురమున జన్మించిన ఈతడు రైలుమార్గముల కంట్రాక్టరుగా జీవనమారంభించెను. భోర్‌ఘాటు కొండలను తొలిచి సొరంగములు నిర్మించిన సంస్థను నడపినవా డితడే. 1919లో నరోత్తం మొరార్జీ ప్రభృతులతో గలసి గ్వాలియరు మహారాజునొద్దనుండి 'లాయల్టీ' యను నౌకను కొనెను. ఆ యేటి ఏప్రిలు 5న అది బొంబాయినుండి లండనునకు బయలుదేరెను. సింధియా నౌకాకంపెనీ ఆ విధముగ పుట్టినది.

ఆంగ్లకంపెనీలు ఊరకుండలేదు. బాడుగలు తగ్గించి పోటీదారుని ముంచుట వారి పాతవిద్య. 1923లో సింధియావారు పదియేండ్ల ఒడంబడికకు తలయొగ్గి, తీరప్రాంతవర్తకమునకే పరిమితులు కావలసివచ్చెను. 1929లో అధ్యక్షుడైన వాల్‌చంద్, నౌకలు కొన్నంత మాత్రమున చాలదనియు, వానిని మన నేలపైననే కట్టవలెననియు నిశ్చయించెను. కలకత్తాలో చోటు దొరకక విశాఖపట్టణమునకు వచ్చెను. 1941 జూను 21న బాబూ రాజేంద్రప్రసాదు శంకుస్థాపన చేసిరి. 1942 ఏప్రిలులో విశాఖపై జపానుబాంబులు పడెను. అయినను 1948 మార్చి 14న పండిత నెహ్రూ 'జలఉష'ను నీటికి దింపిరి. ఆ నౌకానిర్మాణశాల 1961 నాటికి పూర్తిగ ప్రభుత్వపరమైనది.

వాల్‌చంద్ లాభాపేక్షలేని సన్న్యాసి యని మేము చెప్పము. ఆతడు వర్తకుడు, ప్రభుత్వసాహాయ్యమును వెనుదీయక కోరినవాడు. కాని ఒక సత్యమును గ్రహించినవాడు: సరకు ఎవనిదైనను, దానిని మోయువాడే దాని వెలకు యజమాని.

ఈ సత్యము టేకుమట్లకును వర్తించును. ప్రత్తి పండించు రైతు దానిని ఎనుమాముల మార్కెటునకు చేర్చుసరికి లారీబాడుగ నొకడు, గిడ్డంగి నొకడు, ధర నొకడు నిర్ణయింతురు. గనివిద్య నభ్యసించిన యువకుడు ఉద్యోగమే పరమార్థమని తలచును. భూస్వామి మిగిలిన సొమ్మును మరల భూమిపైననే పోయును. త్రవ్వుటయు పండించుటయు మన వంతు, తరలించుటయు అమ్ముటయు పరులవంతు అయినంతకాలము మన స్వాతంత్ర్యము అసంపూర్ణమే.

నౌకలు కట్టుమని టేకుమట్లవారిని మేము కోరుట లేదు. పదిగ్రామముల రైతులు చేరి ఒక గిడ్డంగిని, నాలుగు లారీలను సహకారపద్ధతిని నడుపుట అసాధ్యమా? మూలధనము గలవారు ముందునకు రావలెను. చదివిన యువకులు లెక్కలు చూడవలెను. కొండ తొలిచినవాడు సముద్రమునకు వెఱవలేదు. పొలము దున్నువాడు అంగడికి వెఱచుట తగునా?