గోడ ఒక్కటే... లెక్కలు రెండు!

మార్చి వచ్చిందంటే వరంగల్‌ గల్లీల్లో పరీక్షల హడావుడితోపాటు బల్దియా వాళ్ల హడావుడీ మొదలవుతుంది. ఇంటిపన్ను నోటీసు చేతికి రాగానే ఇంటాయన అడిగే మొదటి మాట... ‘పక్కింటోళ్లకు ఎంతొచ్చింది?’

అసలు గొడవంతా అక్కడే ఉంది.

హనుమకొండలో ఓ గల్లీ అనుకుందాం. ఒక పక్క రిటైరైన టీచరమ్మ ఇల్లు. కట్టి నలభై రెండేళ్లు. పక్కనే మూడంతస్తుల మేడ. కింద ఓనరు, పైన రెండంతస్తుల్లో హాస్టలు. కాలేజీలకు, కోచింగ్‌ సెంటర్లకు పేరున్న ఊరు కదా, హాస్టళ్లకేం కొదవ! ఇద్దరికీ వచ్చిన పన్ను మాత్రం ఇంచుమించు ఒక్కటే. అదెలా?

మన దగ్గర ఇంటిపన్ను అద్దెను బట్టి వేస్తారు. ఊరిని జోన్లుగా విడగొట్టి, స్లాబా రేకులా, ఇల్లా దుకాణమా అన్నది చూసి, చదరపు మీటరుకు నెలకింత అద్దె అని కడతారు. ఏడాది అద్దెలో మూడోవంతు స్థలానిది, మిగతా రెండొంతులు కట్టడానిది. ఉమ్మడి రాష్ట్రంలో 1990లో వచ్చిన నిబంధనల ప్రకారం ఆ రెండొంతుల్లో తరుగు తీసేయాలి. పాతికేళ్లలోపు ఇంటికి 10 శాతం, నలభై ఏళ్లదాకా 20, ఆపైన 30.

ఓ చిన్న లెక్క. ఏడాది అద్దె 12 వేలు అనుకుంటే కట్టడం వాటా 8 వేలు. కొత్త ఇంటికి తరుగు పోను మొత్తం 11,200 మిగులుతుంది. టీచరమ్మ ఇంటికైతే 9,600 మీదే పన్ను పడాలి. కానీ ఫైల్లో ఎప్పుడో రాసిన వయసే ఉండిపోతే? ఆవిడకు కీళ్లనొప్పులొచ్చినా ఇల్లు మాత్రం ఇంకా పడుచుదే! పక్కింటి పై అంతస్తులేమో లెక్కలోకే ఎక్కలేదు.

2019 నాటి తెలంగాణ మున్సిపల్‌ చట్టం ఇంటి వివరాలు యజమానే ప్రకటించుకోవాలంది. అబద్ధమని తేలితే 25 రెట్ల జరిమానా. మాట గట్టిదే, కొలిచేవాళ్లు గడప తొక్కినప్పుడు కదా! అదే చట్టం 75 గజాల్లోపు చిన్న ఇళ్లకు ఏడాదికి వంద రూపాయలే పన్నంది. అది మాత్రం మెచ్చుకోవాల్సిందే.

బకాయిల సంగతి మరీ చిత్రం. ఆలస్యమైతే నెలకు 2 శాతం వడ్డీ. 2020లో, మళ్లీ 2022లో ఆ వడ్డీలో 90 శాతం మాఫీ చేశారు. ఏప్రిల్లోనే బుద్ధిగా కట్టేసినవాళ్లకు దక్కేది 5 శాతం రాయితీ!

పోనీ, ఆస్తి విలువను బట్టి పన్ను వేస్తే? ఆంధ్రప్రదేశ్‌ 2021లో ఆ దారి పట్టింది. దుకాణాల వాళ్ల సంగతేమోగానీ, టీచరమ్మకు అది ఇంకా కష్టం. హనుమకొండలో గజం ధర పెరిగిందని ఆవిడ పెన్షన్‌ పెరగదుగా! ఆవిడకు అద్దె లెక్కే నయం... ఫైలు సరిగ్గా ఉంటే.

ఇల్లు కట్టుకున్నప్పటి అనుమతి పత్రం ఆవిడ బీరువాలో ఎక్కడో ఉండే ఉంటుంది. అనుమతి వచ్చిన ఏడాది అందులోనే దొరుకుతుంది. దాన్నీ, డిమాండ్‌ నోటీసునూ పక్కపక్కన పెట్టి చూస్తే విస్తీర్ణం, వాడకం, వయసు... తేడా ఎక్కడుందో తేలిపోతుంది. దిద్దమని అర్జీ పెట్టుకోవడానికి ఆ రెండు కాగితాలు పనికొస్తాయి.