ఇంటి కింది గది యెవరిది?

"యెవరి సాయమూ లేకుండా సొంతంగా పైకొచ్చారు" అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుద్ది. స్టాఫురూములో నేను పిల్లల స్కాలర్‌షిప్పు ఫారాలు ముందేసుకుని కూచుంటే చాలు, యెవరో వొకరు ఈ మాట విసురుతారు. కాస్త లోకం చూసినోళ్ళయితే అమెరికా నుంచి ఉదాహరణ తెస్తారు. వాషింగ్టన్‌లో ఫ్యుగాజీ అనే రాక్ బ్యాండంట. కంపెనీల గడప తొక్కలేదంట. పాటలు సొంతంగా రికార్డు చేసుకుని, వ్యానులో ఊరూరా తిరిగి పైకొచ్చారంట. "వాళ్ళేమన్నా రిజర్వేషన్ అడిగారా మేష్టారూ?"

ఆ బ్యాండు నాకు తెలుసు. యూనివర్సిటీ హాస్టల్లో విన్నాను, ఇప్పటికీ వింటాను. ఇష్టం కాబట్టే వాళ్ళ కథను మా మీదికి కర్రలాగా తిప్పుతుంటే ఊరుకోలేను.

వాళ్ళ పని మంచి పనే. 1980లో ఇయాన్ మెకై, అతని స్నేహితులు టీన్ ఐడిల్స్ అనే బ్యాండుగా వుండి, కచేరీల్లో వచ్చిన డబ్బు పంచుకోకుండా దాచారు. దాదాపు 600 డాలర్లు. బ్యాండు విడిపోయే వేళకి ఆ డబ్బుతో వెయ్యి రికార్డులు వేశారు. అట్టలు తామే కత్తిరించి, మడిచి, జిగురేసి అంటించారు. అదే డిస్కార్డ్ అనే పాటల సంస్థ. 1987లో ఫ్యుగాజీ మొదలైంది. టికెట్టు మామూలుగా 5 డాలర్లే. ఇన్నేళ్ళు నిండితేనే లోపలికి అనే షరతు లేదు. మేనేజరు లేడు. బొమ్మల బనియన్లు అమ్మలేదు. 2002లో ఆపేసే నాటికి వెయ్యి దాకా కచేరీలు చేశారు. పెద్ద కంపెనీలు వెంటపడినా పోలేదు. అన్నిటికన్నా నాకు నచ్చింది, 800కి పైగా కచేరీలను రికార్డు చేసి దాచుకోవడం. 2011 నుంచి వాటిని జనానికి అందుబాటులో పెట్టారు. తమ దరువుకి తామే యజమానులు.

ఇంతవరకూ అందరూ చెప్తారు. ఇక్కణ్ణుంచి నోరు మూసుకుంటారు.

మెకై తండ్రి వాషింగ్టన్ పోస్టు పత్రికలో జర్నలిస్టు. డిస్కార్డ్ చిరునామా ఆ తల్లిదండ్రుల ఇల్లే. ఉత్తరం రాస్తే చేరే ఇల్లుంది, కొడుకు గిటారు మోతను ఓర్చుకునే తల్లీ తండ్రీ వున్నారు. టీన్ ఐడిల్స్ రికార్డు చేసుకున్నది ఇన్నర్ ఇయర్ స్టూడియోలో. డాన్ జెంటారా అనే ఆయన ఆర్లింగ్టన్‌లో తన ఇంటి కింది గదిలో పెట్టుకున్నాడు దాన్ని.

అదే గదిలోకి అంతకుముందే, 1979లో, నలుగురు నల్లవాళ్ళు వెళ్ళారు. వాళ్ళ పేరు బ్యాడ్ బ్రెయిన్స్. ఆ తెల్లకుర్రాళ్ళకు వేగం నేర్పింది, ఉడుకు నేర్పింది వీళ్ళే. మెకై ఈ మాట యెన్నోసార్లు ఒప్పుకున్నాడు, అది అతని నిజాయితీ. వీళ్ళకి మాత్రం వాషింగ్టన్ క్లబ్బుల తలుపులు మూసేశారు. ఊరు విడిచి న్యూయార్క్ పోయారు. వీళ్ళూ చేతులు ముడుచుకు కూచోలేదు, 1980లో సొంతంగా ఒక చిన్న రికార్డు వేసుకున్నారు. తొలి ఆల్బం 1982లో వొట్టి క్యాసెట్టుగా వచ్చింది. ఆ కింది గదిలో 1979లో పాడిన పాటలు ఆల్బంగా బయటికొచ్చింది 1996లో. పదిహేడేళ్ళు! టీన్ ఐడిల్స్ పాటలు రికార్డు చేసిన ఏడాదే, 1980 చివర, చేతికొచ్చాయి. ఇందులో ఆ కుర్రాళ్ళ కుట్ర యేమీ లేదు. కుట్ర అక్కర్లేకుండానే జరిగిపోద్ది, అదే నేను చెప్పేది. ఇద్దరూ సొంతంగానే చేసుకున్నారు. ఒకరి కాళ్ళ కింద నేల వుంది.

మా సంగతికొద్దాం. మా నాయన డప్పుకి మేనేజరున్నాడా? తోలు తనే తెచ్చుకున్నాడు, తనే పదును చేశాడు, తనే మంటకి కాచాడు. సిర్రా, సిటికెన పుల్లా తనే చెక్కుకున్నాడు. పెళ్ళికీ చావుకీ జాతరకీ కాలినడకన ఊళ్ళు తిరిగాడు. తెల్లోడు చేస్తే స్వతంత్రం, మా నాయన చేస్తే కులవృత్తి! టూరు పోయినప్పుడు ఆ బ్యాండులోళ్ళు తెలిసినోళ్ళ ఇళ్ళల్లో పడుకునేవాళ్ళు. మా డప్పు దళం పరవూరు పోతే ఊళ్ళో యెవరింటి వరండాలో పడుకుంటది? బడి అరుగు మీదే గదా.

2004లో, నేను తొమ్మిదో తరగతిలో వుండగా, ఒక పెద్దమనిషి రికార్డరుతో మా పల్లెకొచ్చాడు. రాత్రంతా ఆరుగురి చేత దరువులన్నీ కొట్టించుకున్నాడు. ఆరుగురికీ కలిపి మూడొందలిచ్చాడు. మరుసటేడు జాతర్లో సీడీ అమ్మారు. అట్ట మీద "సేకరణ" అని ఆయన పేరుంది. కొట్టినోడి పేరు లేదు, పల్లె పేరన్నా లేదు. మా నాయన సీడీ కొని తెచ్చాడు. వినడానికి మా ఇంట్లో ప్లేయరు లేదు.

యూనివర్సిటీల్లో బ్యాండు పెట్టాలని ఉబలాటపడే తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, పెట్టండి. 2018లో మద్రాసులో క్యాస్ట్‌లెస్ కలెక్టివ్ గానా పాటనూ గిటారునూ ఒకే వేదికెక్కించి కులం మీద పాడింది. మనమూ చెయ్యొచ్చు. డిస్కార్డ్ దగ్గర నేర్చుకోవాల్సింది నేర్చుకోండి: డబ్బు ఒకచోట దాచడం, అసలు టేపు చేతిలోంచి జారనియ్యకపోవడం, టికెట్టు పేదోడికి అందేట్టు పెట్టడం. వాళ్ళ పద్ధతి ఒకటి మాత్రం మనకొద్దు. డిస్కార్డ్ వాళ్ళు బ్యాండులతో కాగితం రాసుకోరు, నోటి మాటే ఒప్పందం. మధ్యతరగతి తెల్ల స్నేహితుల మధ్య అది అందంగానే వుంటది. నోటి మాట మీదే మా తాత జీవితమంతా పాలేరుతనం చేశాడు. బాకీ మాత్రం దొరగారి పుస్తకంలో రాతపూర్వకంగానే వుండేది. మనకి కాగితం కావాలి.

మా పల్లెలో ఇప్పుడు ఏడుగురు పిల్లలు డప్పు దళం కట్టారు. ఫోన్లోనే రికార్డు చేసుకుంటున్నారు. వాళ్ళకో లెక్కల పుస్తకం కొనిచ్చాను. మొదటి పేజీలో ఏడు పేర్లు, ఇంటిపేర్లతో సహా. రెండో పేజీలో దరువుల పేర్లు, యే దరువు యెవరి దగ్గర నేర్చిందీ. అందులో మా నాయన పేరు నాలుగుసార్లుంది. ఆ సీడీ పెద్దమనిషికి ఆ రెండు పేజీల నకలూ ఒక నోటీసూ రిజిస్టరు పోస్టులో పంపాం. జవాబు ఇంకా రాలేదు.