నెల లెక్కకు చంద్రుడు చాలు, జాతకానికి వద్దు

వీరపునాయునిపల్లె మండల ప్రజలకు విజ్ఞప్తి

తెలుగులో నెల అన్న మాటకు మాసమనీ చంద్రుడనీ రెండర్థాలూ ఉన్నాయి. నెలవంకలో, వెన్నెలలో కనబడేది చంద్రుడైతే, ఆడవారి నెలసరిలోనూ, కోడలికి కడుపు నిలిచినప్పుడు పెద్దలు గుసగుసగా చెప్పుకొనే ‘నెల తప్పింది’ అన్న మాటలోనూ ఉన్నది మాసం. ఒక పున్నమి నుంచి మరో పున్నమికి సుమారు ఇరవై తొమ్మిదిన్నర రోజులు పట్టడమూ, ముట్టు కూడా దాదాపు అన్ని రోజులకే తిరిగి రావడమూ పూర్వులు గమనించిన పోలిక, ఆ గమనింపులో తప్పేమీ లేదు. ఆ పోలికను లెక్కగా వాడుకోవడం ఒకటి, తీర్పుగా వాడుకోవడం మరొకటి. ఆడపిల్ల తొలి ముట్టు ఏ తిథిన వచ్చిందో చూసి ఆమె బతుకెలా ఉంటుందో చెప్పే పద్ధతిని మండలంలోని కుటుంబాలు మానుకోవాలనీ, చంద్రుడి లెక్కను మాత్రం ఆమె ఆరోగ్యం కోసం ఆమె చేతికే ఇవ్వాలనీ ఈ కరపత్రం కోరుతోంది.

పిల్ల పెద్దమనిషి అయిందని తెలిసిన వెంటనే, కడుపు నొప్పిగా ఉందా, కళ్లు తిరుగుతున్నాయా అని అడగడానికి ముందే గడియారం వైపు చూసే ఇళ్లు పల్లెల్లో ఇంకా ఉన్నాయి. మరక ఏ వేళకు కనబడింది, ఆ వేళకు ఏ తిథి, ఏ వారం, ఏ నక్షత్రం నడుస్తున్నాయి, ఒంటిమీద ఉన్నది ఏ రంగు బట్ట అని ఆరా తీసి, పంచాంగాల్లో ‘రజస్వలా ఫలాలు’ అన్న శీర్షిక కింద అచ్చయ్యే పట్టికతో సరిచూస్తారు. ఆ పట్టికలో కొన్ని తిథులకు సంతానమూ సౌభాగ్యమూ ఫలాలైతే, అమావాస్య వంటి కొన్నింటికి దోషం, ఆ దోషానికి శాంతి, ఆ శాంతికి ఖర్చు. ఇదంతా మాట్లాడుకొనే చోటికి పది అడుగుల దూరంలో, చాప మీద మోకాళ్లు ముడుచుకొని కూర్చున్న పన్నెండేళ్ల పిల్ల వింటూనే ఉంటుంది. తన శరీరం గురించి ఆమె వినే మొదటి పాఠం, తాను చేయని తప్పుకు పడిన శిక్షలా ఉంటుంది.

ఇది వేదకాలం నుంచి వచ్చిన ఆచారం గనుక మానరాదని వాదించేవారు వేదంలో ఉన్నదేమిటో చూడటం మంచిది. ఋగ్వేదం పున్నమి రాత్రిని రాక అన్న దేవతగా, అమావాస్య దగ్గరి సన్నని వంకను సినీవాలి అన్న దేవతగా పిలుస్తుంది. పదో మండలంలో గర్భం నిలవాలని కోరే చిన్న సూక్తంలో ప్రార్థన అందుకొనే దేవతల్లో సినీవాలి ఒకతె. అంటే వేదఋషి సంతానాన్ని కోరుకొన్నది అమాస చంద్రుణ్ణి కాగా, పంచాంగపు పట్టిక అదే అమాసను ఆడపిల్లకు కీడుగా చూపుతోంది. ఈ రెండింటి మధ్య ఉన్నది పరంపర కాదు, తలకిందులు.

వేదంలో నిషేధాలు లేవని చెప్పడం కూడా నిజాయితీ కాదు. ఆంధ్రదేశపు వైదికుల్లో ఎక్కువమంది చదివే కృష్ణయజుర్వేదంలో, తైత్తిరీయ సంహిత రెండో కాండలో, దర్శపూర్ణమాసాలను, అంటే అమావాస్యకూ పున్నమికీ ముడిపడిన యాగాలను వివరించే ప్రపాఠకంలోనే ముట్టుకు పుట్టుక చెప్పే కథ ఉంది. త్వష్ట కుమారుడు, మూడు తలల పురోహితుడు అయిన విశ్వరూపుణ్ణి ఇంద్రుడు చంపి, ఆ బ్రహ్మహత్యను ఏడాది పాటు మోసి, చివరకు దాన్ని మూడు పాళ్లు చేసి భూమికీ, చెట్లకూ, స్త్రీలకూ పంచాడు. ముగ్గురూ ఊరికే కాక తలా ఒక వరం అడిగి పుచ్చుకొన్నారు. భూమి పుచ్చుకొన్న పాలు చౌడుగా, చెట్టు పుచ్చుకొన్న పాలు బెరడు నుంచి కారే బంకగా, స్త్రీ పుచ్చుకొన్న పాలు ముట్టుగా మారిందని కథ. భూమిని తవ్విన గొయ్యి ఏడాదిలో పూడటం, నరికిన చెట్టు చిగురించడం, స్త్రీకి సంతానం కలగడం ఆ వరాలు.

ఈ కథను నమ్మేవారు మూడు పాళ్లనూ ఒకేలా చూడాలి కదా. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వైపు చౌడు తేలిన చేను ఉంటే రైతు దాన్ని వెలివేయడు. జిప్సం చల్లి, జీలుగ పెంచి కలియదున్ని, నీరు నిలగట్టి, రెండు మూడేళ్లకు మళ్లీ పైరు పెడతాడు. తుమ్మచెట్టుకు కారిన బంకను మేకలు కాచే పిల్లలు గోటితో గీరి నోట వేసుకొంటారు, మిగిలింది అంగట్లో అమ్ముతారు. అదే హత్యలో అదే వంతు మోసిన స్త్రీకి మాత్రం వేరే చాప, వేరే పళ్లెం, వసారాలో పడక. పైగా కథలో హంతకుడు ఇంద్రుడు. అతని భారాన్ని తలకెత్తుకొన్నవారిని అంటరానివారిని చేయడం కథలోని న్యాయానికి కూడా నిలవదు. ఆ తరువాత అక్కడే చెప్పిన మూడు రాత్రుల నియమాలను, అంటే స్నానం చేయరాదు, తల దువ్వరాదు, పళ్లు తోమరాదు, నూలు వడకరాదు అన్నవాటిని, ఈనాడు ఎంత ఆచారవంతుల ఇంట్లోనైనా పూర్తిగా పాటించేవారు అరుదు. నియమాల్లో కొన్నింటిని కాలం ఇదివరకే తీసేసిందంటే, మిగిలినవాటిని తీయడానికి కొత్త శాస్త్రం అక్కరలేదు.

ధర్మసూత్రాల్లో మరో గొంతు కూడా వినబడుతుంది. ఋగ్వేదపు వివాహసూక్తంలో సోముడు, అంటే చంద్రుడు, వధువుకు తొలి భర్త. వసిష్ఠ, బౌధాయన సూత్రాలు దీన్ని అందుకొని సోముడు స్త్రీలకు శుచిని ఇచ్చాడనీ, నెలనెలా వచ్చే రజస్సు వారి దోషాలను కడుగుతుందనీ చెబుతాయి. ముట్టు మైల కాదు, మైలను తీసేదన్న ఈ మాటను పల్లెల దాకా మోసుకొచ్చినవారు తక్కువ. ఆరో శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు బృహజ్జాతకంలో నెలనెలా వచ్చే ఆర్తవానికి చంద్రుడూ కుజుడూ కారణమన్నాడు. చంద్రుడు నీరు, కుజుడు నిప్పు, రెండూ కలిస్తే నెత్తురు అన్నది దాని వెనుక ఉన్న ఊహ. గర్భాశయపు లోపలి పొరను పెంచీ రాల్చీ నడిపే అండాశయాల, మెదడులోని పీయూష గ్రంథి హార్మోన్ల సంగతి అతనికి తెలిసే అవకాశం లేదు. తెలిసిన కాలంలో ఉన్నవారు కుజుణ్ణి పట్టుకు వేలాడటమే వింత.

చంద్రుడి పోలిక ఎంతవరకు నిలుస్తుందో కూడికలు వచ్చిన పదో తరగతి పిల్ల కూడా తేల్చగలదు. చాంద్రమాసం 29.53 రోజులు. ఇరవై ఎనిమిది రోజులకు ముట్టు వచ్చే స్త్రీకి అది అమావాస్య నాడు మొదలైతే, ప్రతిసారీ ఒకటిన్నర రోజు చొప్పున ముందుకు జరిగి, పది విడతలు తిరిగేసరికి పున్నమి దగ్గర పడుతుంది. 2019లో వెలువడిన ఒక అధ్యయనం ఆరు లక్షలకు పైగా చక్రాలను లెక్కించి సగటు 29.3 రోజులని తేల్చింది. సగటు చంద్రుడికి దగ్గరే, కానీ మనిషి మనిషికీ తేడా ఉంటుంది, ఇరవై ఒకటి నుంచి ముప్ఫై అయిదు రోజుల వరకు పెద్దవారిలో మామూలే. జర్మనీలోని వుర్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2021లో, 22 మంది స్త్రీలు ఏళ్ల తరబడి రాసుకొన్న తేదీలను చూసి, కొందరికి కొన్ని కాలాల్లో చంద్రుడితో జత కుదిరిందనీ, వయసుతో, రాత్రి దీపాల వెలుగుతో ఆ జత చెదిరిందనీ రాశారు. అంతకు మించి ఏ తిథీ ఏ స్త్రీ భవిష్యత్తునూ చెప్పినట్టు ఎక్కడా రుజువు లేదు.

ఆ 22 మంది చేసిన పనిలో గమనించవలసింది తేదీలు రాసుకోవడం. మండలంలో దాదాపు ప్రతి వంటింటి గోడకూ మేకుకు వేలాడే తిథుల క్యాలెండరు ఉంటుంది. అమాసకు నల్లచుక్క, పున్నమికి తెల్లచుక్క అందులో అచ్చయ్యే ఉంటాయి. అందులోనే పాలు పోసిన రోజులు, గ్యాసుబండ తెచ్చిన తేదీ, పొదుపు సంఘం కంతు కట్టిన తేదీ పెన్నుతో గుర్తు పెట్టి కనబడతాయి. ఇంటి లెక్కలన్నీ రాసే ఆ ఇల్లాలు తన లెక్క ఒక్కటీ రాయదు, మామకో మరిదికో కనబడుతుందన్న సిగ్గుతో. ఆ గళ్లలో చిన్న గీత పెట్టడం తల్లి కూతురికి నేర్పితే, మూడు నెలలు రాకపోయినా, ఇరవై ఒక్క రోజుల లోపే మళ్లీ వచ్చినా, ఏడు రోజులు దాటినా నెత్తురు ఆగకపోయినా, పదిహేనేళ్లు నిండినా మొదలు కాకపోయినా ఏఎన్ఎమ్‌కో డాక్టరుకో చూపే ఆధారం చేతిలో ఉంటుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో సుమారు 59 శాతం మందికి రక్తహీనత ఉంది. అలాంటి చోట నెత్తురు ఎన్ని రోజులు పోతోందన్నది గ్రహబలం కన్నా పెద్ద ప్రశ్న.

దూరం పెట్టే ఆచారం అన్ని ఊళ్లలోనూ ఒకే తీరుగా లేదు. శ్రీ సత్యసాయి జిల్లా మడకశిర వైపు కొన్ని గొల్లల హట్టుల్లో, అంటే వారి వాడల్లో, ఆడవారిని ఊరి వెలుపలే ఉంచేంత కఠినంగా సాగితే, చాలా ఊళ్లలో పూజగదికీ వంటింటికీ పరిమితమై మెత్తబడింది. అనిమెల సంగమేశ్వరుడికి మొక్కేవారి భక్తికి ఈ కరపత్రం అడ్డు రాదు. గుడికి వెళ్లాలో వద్దో ఆ స్త్రీయే తేల్చుకొంటుంది. ముట్టు రోజుల్లో బడికి వెళ్లడం మాత్రం అలా వదిలేయదగిన విషయం కాదు. రాష్ట్ర ప్రభుత్వం 2021 అక్టోబరు 5న మొదలుపెట్టిన ‘స్వేచ్ఛ’ పథకం ప్రభుత్వ బడుల్లో 7 నుంచి 12వ తరగతి వరకు చదివే ఆడపిల్లలకు నెలకు పది న్యాప్‌కిన్లు ఇవ్వడానికి ఉద్దేశించినది. అవి అందుతున్నాయా, మరుగుదొడ్లో నీళ్లూ గొళ్లెమూ ఉన్నాయా, వాడినవాటిని వేసే మూతడబ్బా ఉందా అని తల్లిదండ్రుల కమిటీలు ప్రతి నెలా అడగాలి. వారానికొకటి ఇచ్చే నీలిరంగు ఇనుము మాత్రను పిల్ల మింగిందో, కిటికీలోంచి విసిరిందో ఇంట్లో అడగాలి.

పురోహితులను కోరేది చిన్నదే. ఉగాది నాడు గుళ్లో ఆదాయవ్యయాలూ వర్షాలూ పైర్లూ చదివి వినిపించే పంచాంగంలో రజస్వలా ఫలాల పేజీ ఉంటే, ఎవరైనా వచ్చి అడిగినప్పుడు దాన్ని తెరవకుండా, పిల్లకు బెల్లం, నువ్వులు, పాలు పెట్టమని చెప్పి పంపితే చాలు. ఇంటివారు ఆ వారమే క్యాలెండరు మేకుకు ఒక దారం కట్టి, దాని కొసకు పెన్సిలు వేలాడదీయాలి. పిల్లకు అందే ఎత్తులో.